గట్టు మీద మనిషి

వియత్నాం నుంచి ఒప్పందం కాగితాలు వచ్చిన సోమవారం పొద్దున దత్తసాయి ఆఫీసుకి కేజీన్నర జిలేబీ పట్టుకొచ్చాడు. ఆఫీసులో ఉన్నది తొమ్మిదిమంది. తలా ఒకటి తిని, చేతులు కడుక్కుని, మళ్ళీ ఇంకోటి తిన్నా సగం పొట్లం మిగిలిపోయింది. దాన్ని కింద టైర్ల షాపువాళ్ళకి పంపించారు.

"ఏంటండీ విశేషం?" అని వాళ్ళు కిందనుంచే కేకేశారు.

"ఫారిన్ వెళ్తున్నాయండీ!" అని పైనుంచి దత్తసాయి కేకేశాడు.

"ఏంటీ వెళ్ళేది?"

"బుర్రలండీ, బుర్రలు!"

ఏలూరు పక్కన వట్లూరులో ఆ మేడ మీద 'కలువ ఇన్‌స్ట్రుమెంట్స్' అని బోర్డు కట్టి ఏడేళ్ళయింది. వాళ్ళు తయారుచేసే వస్తువుకి ఇంగ్లీషులో ఏదో పొడుగాటి పేరు ఉంది. కొల్లేటి చుట్టుపక్కల రైతులెవరికీ ఆ పేరు నోరు తిరగలేదు. పసుప్పచ్చగా, గుండ్రంగా, మనిషి తలకాయంత ఉంటుంది కాబట్టి బుర్ర అన్నారు. అదే ఖాయమైపోయింది. చెరువు మధ్యలో తేలుతూ నీళ్ళలో చేపలకి సరిపడా ఆక్సిజన్ ఉందో లేదో చూసుకుంటూ ఉండడం దాని పని. మబ్బు పట్టిన రోజు మర్నాడు తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయిందంటే, గంటలో చెరువు చెరువంతా చచ్చి పైకి తేలిపోతుంది. అలా పడిపోయే ముందే బుర్ర ఫోన్ చేస్తుంది.

ఆ ఫోను ముందు ఎవరికి వెళ్ళాలన్న దాంట్లోనే దుర్గాభవాని తెలివంతా ఉంది. ఆమెది ఉండి అనే ఊరి దగ్గర వ్యవసాయ కుటుంబం. చేపల చెరువుల సంగతి పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. చెరువు యజమాని ఏలూరులోనో భీమవరంలోనో మేడలో ఉంటాడు. ఆయన్ని లేపి లాభం లేదు. లేచి ఆయన చేసేదల్లా కాపలా మనిషికి ఫోన్ చేసి తిట్టడమే. లేవాల్సింది గట్టు మీద పాకలో పడుకున్నవాడు. అందుకని బుర్ర ముందు అతనికి ఫోన్ చేస్తుంది. అతను విన్నానన్నట్టు ఒకటి నొక్కి, వెళ్ళి నీళ్ళు చిలికే ఏరియేటర్లు వేస్తాడు. ఐదు నిమిషాల్లో నొక్కకపోతే అప్పుడు యజమానికి మోగుతుంది. బుర్ర బిగించే ముందు నింపే ఫారంలో మొదటి గడి, 'గట్టు మీద మనిషి ఫోన్ నంబరు'. ఆ గడి ఖాళీగా ఉంటే బుర్ర పనే మొదలుపెట్టదు. కాలేజీలో తనతో చదివి, తనతోపాటే కంపెనీ పెట్టిన దత్తసాయి ఆ గడి ఎందుకని అప్పట్లో ఎంత వాదించినా, దుర్గాభవాని పట్టుబట్టి పెట్టించింది. దాన్ని చూసే మొదటి వంద బుర్రలు అమ్ముడుపోయాయి.

ఇప్పుడు కొల్లేటి చుట్టూ కొనదలుచుకున్నవాళ్ళు కొనేశారు. పై దేశం వెళ్తే తప్ప తొమ్మిదిమందికీ పని ఉండదు. మూడు నెలల కిందట హోచిమిన్ సిటీలో చేపల మేత అమ్మే ఒక పెద్ద కంపెనీవాళ్ళు ఆరు బుర్రలు నమూనాకి తీసుకెళ్ళారు. బాగున్నాయన్నారు. ఇప్పుడు ఒప్పందం పంపారు. ఐదేళ్ళపాటు వియత్నాం దేశం మొత్తానికి అమ్మే హక్కు వాళ్ళ ఒక్కరిదే. బుర్ర మీద వాళ్ళ కంపెనీ పేరు వేసుకుంటారు. రైతులతో మాటలూ రిపేర్లూ అన్నీ వాళ్ళే చూసుకుంటారు. ఏలూరువాళ్ళు చెయ్యాల్సిందల్లా తయారుచేసి పంపడమే. మొదటి ఏడాదికి ఐదువందల బుర్రలు. శుక్రవారం వీడియోలో కూర్చుని సంతకాలు.

"రెండేళ్ళు మనమెవరం బెంగపెట్టుకోనక్కర్లేదు," అన్నాడు దత్తసాయి, వేళ్ళకంటిన పాకం చూసుకుంటూ. "నువ్వేంటి భవానీ, జిలేబీ ముట్టుకోలేదు?"

"ఆ ఆరు బుర్రల లెక్క చూశావా?"

"చూశాను. నలభై ఒక్కసారి మోగాయి. నలభై ఒక్కసారీ ఒకటి నొక్కారు. అదీ పన్నెండు సెకన్లలోపు! మనవాళ్ళు అలా ఎప్పుడైనా నొక్కారా?"

"అదే. ఎప్పుడూ నొక్కలేదు."

"బాగా చేస్తున్నందుకు కూడా అనుమానమేనా? వాళ్ళకి శ్రద్ధెక్కువ."

దుర్గాభవాని సరేనంది కానీ, ఆ పన్నెండు సెకన్లు ఆమెకి కాలిలో పల్లేరు కాయలా గుచ్చుకుంటూనే ఉన్నాయి. ఇంకో సంగతి కూడా ఉంది. ఒకటి నొక్కడం పన్నెండు సెకన్లలో అయిపోతోంది కానీ, నీళ్ళలో ఆక్సిజన్ మాత్రం గంటకి గానీ పెరగడం లేదు. లేచినవాడు లేచి ఏం చేస్తున్నట్టు?

మంగళవారం ఇద్దరూ తాడేపల్లిగూడెం వెళ్ళారు. అక్కడ ఉల్లిపాయల మార్కెట్ వెనక వీధిలో జగన్నాథం గారు ఉంటారు. బ్యాంకులో విదేశీ వ్యాపారం చూసే విభాగంలో ముప్ఫైరెండేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు చిన్న కంపెనీలవాళ్ళు ఎవరెళ్ళి అడిగినా కాఫీ ఇచ్చి మరీ సలహా చెప్తారు. వీధిలోకి అడుగుపెట్టేసరికే ఉల్లిపాయల ఘాటు ముక్కుకి కొడుతుంది. ఆయనకి అది తెలియను కూడా తెలియదు.

ఒప్పందం పదకొండు పేజీలూ కళ్ళజోడు పైకీ కిందకీ జరుపుకుంటూ చదివి, పక్కన పెట్టారు.

"చూడమ్మా, పరాయి దేశంలో అమ్ముకోడానికి దారులు బోలెడని పుస్తకాల్లో రాస్తారు. మీలాంటి చిన్నవాళ్ళకి మిగిలేవి నాలుగే. ఇక్కణ్ణుంచి డబ్బా కట్టి పంపేసి చేతులు దులుపుకోవచ్చు. అక్కడ పెద్ద చెయ్యి ఉన్నవాడికి అంతా అప్పజెప్పచ్చు, ఇదిగో ఈ కాగితంలో ఉన్నట్టు. మీ డిజైను వాళ్ళకిచ్చేసి, వాళ్ళు చేసుకున్న ఒక్కోదానికీ ఇంతని పుచ్చుకోవచ్చు. లేదంటే అక్కడికెళ్ళి సొంత ఆఫీసు తెరవచ్చు."

"సొంత ఆఫీసు మా వల్ల కాదులెండి," అన్నాడు దత్తసాయి.

"కాదు. డబ్బా కట్టి పంపేస్తే అక్కడ బిగించేవాడుండడు. డిజైను ఇచ్చేస్తే ఏడాది తిరక్కుండా మిమ్మల్ని మర్చిపోతారు. కాబట్టి రెండోదే మిగిలింది అంటావు."

"అంతేగా అండీ?"

జగన్నాథం గారు కిటికీలోంచి మార్కెట్ వైపు చూపించారు. లారీ మీంచి బస్తాలు దింపుతున్నారు. "ఆ ఉల్లిపాయలు మహారాష్ట్ర నుంచొచ్చాయి. పంపినవాడు ఈ గూడెం ఎప్పుడూ చూసి ఉండడు. చూడక్కర్లేదు. దళారీ చేతిలో పెట్టేశాడు, అయిపోయింది. ఎందుకంటే ఉల్లిపాయ కొన్నాక అది ఎవరికీ ఫోన్ చెయ్యదు. మీ బుర్ర కొన్నాక దాని పనే ఫోన్ చెయ్యడం. కాబట్టి దారులు లెక్కబెట్టడం ఆపి మిమ్మల్ని మీరు ఒకటి అడగండి. మీ సరుకు అమ్ముడుపోయాక అక్కడ ఏం జరుగుతోందో మీకు తెలియకపోయినా ఫరవాలేదా?"

"ఫరవాలేదండి," అన్నాడు దత్తసాయి.

"తెలీదండి," అంది దుర్గాభవాని. ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

జగన్నాథం గారికి నవ్వొచ్చింది. "ఇద్దరు భాగస్వాములు, రెండు జవాబులు. మంచిదే. ఇంతకీ నేను సంతకం పెట్టమననూ, వద్దననూ. బ్యాంకులో పనిచేసినవాణ్ణి, ఆ అలవాటు ఇంకా పోలేదు. కాఫీ చల్లారిపోతోంది తాగండి."

తిరిగొస్తూ దత్తసాయి దారంతా ఐదువందల బుర్రలు ఎన్ని నెలల్లో తయారుచెయ్యాలో చెప్తూనే ఉన్నాడు. దుర్గాభవాని ఊ కొడుతూనే ఉంది. తొమ్మిదిమందిలో ఇద్దరికి మొన్ననే పెళ్ళిళ్ళయ్యాయి, ఒకామె ఇంటి లోను తీసుకుంది. వాళ్ళందరి మొహాలూ కళ్ళముందు తిరుగుతూ ఉంటే, పన్నెండు సెకన్ల కోసం ఐదువందల బుర్రలు వదులుకునేదాన్ని పిచ్చిది అనరూ అనిపించింది.

బుధవారం వెంకట్రాజు గారి చెరువు పట్టుబడి, అంటే వలేసి చేపలన్నీ పట్టే రోజు. ఆకివీడు దాటి కొల్లేటి అంచున ఉంది ఆ చెరువు. వాళ్ళు అమ్మిన మొట్టమొదటి బుర్ర అందులోనే తేలుతుంది. పట్టుబడి రోజు బుర్రని బయటికి తీసి శుభ్రం చెయ్యాలి. ఎంతమంది పనివాళ్ళున్నా ఆ ఒక్క బుర్రనీ తనే చూసుకోవడం దుర్గాభవానికి అలవాటు.

ఆమె వెళ్ళేసరికి వల సగానికి లాగేశారు. శీలావతి చేపలూ బొచ్చెలూ వెండి పళ్ళాల్లా ఎగిరెగిరి పడుతున్నాయి. గట్టు మీద ఐసు కొట్టే చప్పుడు. అస్సాం వెళ్ళే లారీ వెనక్కి తిరిగి నిలబడి ఉంది. వెంకట్రాజు గారు కుర్చీ వేయించుకుని, పంచె మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, ఎవరు ఎక్కడ నిలబడాలో చేత్తో చూపిస్తున్నారు. డెబ్భై దాటినా గొంతు తగ్గలేదు.

కాపలా ఉండే ఎలీయాజరు బుర్రని మోసుకొచ్చి ఆమె ముందు పెట్టాడు. ఇరవయ్యేళ్ళుగా ఆ గట్టు మీదే ఉన్నాడు. నీటికాకులు బుర్ర మీద వాలి చేసిన పాడంతా గోరుతో గీకుతూ, వియత్నాం కబుర్లు అడిగాడు. ఆరు బుర్రలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పింది.

"పన్నెండు సెకన్లేటండమ్మా?" ఎలీయాజరు గీకడం ఆపేశాడు. "నాకు ఫోను ఎక్కడుందో ఎతుక్కోడానికే నిమిషం పడద్దండి. కళ్ళద్దాలకి ఇంకో నిమిషం. ఆ దేశంలో గట్టు మీద ఎవరుంటారండీ? ఎవరండీ ఆ మొనగాడు?"

దుర్గాభవాని నవ్వబోయి ఆగిపోయింది. ఆ మనిషి ఎవరో ఆమెకి తెలియదు. మూడు నెలలుగా మోతలు లెక్కపెట్టింది, సెకన్లు లెక్కపెట్టింది, నంబర్లు మాత్రం చూడలేదు. అక్కడే గట్టు మీద కూర్చుని ఫోన్లో ఆ ఆరు ఫారాలూ తెరిచింది.

ఆరుగురు రైతులు, ఆరు ఊళ్ళు. గట్టు మీద మనిషి ఫోన్ నంబరు మాత్రం అన్నిటికీ ఒక్కటే.

"ఒకే మనిషి ఆరు గట్ల మీద పడుకుంటున్నాడా?" అన్నారు వెంకట్రాజు గారు, కుర్చీలోంచి వంగి చూసి. "గట్టివాడే."

దుర్గాభవాని ఆ నంబరుకి ఫోన్ చేసింది. పన్నెండు సెకన్లు కూడా పట్టలేదు, ఒక అమ్మాయి ఎత్తింది. చాలా మర్యాదగా ఇంగ్లీషులో మాట్లాడింది. అది మేత కంపెనీవాళ్ళ కస్టమర్ సర్వీసు. అవునండీ, బుర్ర నుంచి ఫోనొస్తే మేమే ఒకటి నొక్కుతాం. నొక్కకపోతే యజమాని నంబరుకి వెళ్తుంది, అదీ ఎక్కువ వాటికి మా నంబరే, మళ్ళీ మోగుతుంది. నొక్కాక ఏం చేస్తారని దుర్గాభవాని అడిగింది. పొద్దున తొమ్మిదింటికి లిస్టు రాసి మేనేజరు గారికి మెయిల్ చేస్తామండీ, ఇప్పటిదాకా ఒక్కటీ వదల్లేదు, అని ఆ అమ్మాయి గర్వంగా చెప్పింది.

ఆ మాటలు తెలుగులో చెప్పగానే ఎలీయాజరు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "తొమ్మిదింటికి లిస్టేటండీ! తొమ్మిదింటికి లెక్కెట్టుకోడానికి చచ్చిన చేపలే ఉంటాయి!"

ఆరింట్లో ఒక్కదానికి మాత్రం యజమాని గడిలో వేరే నంబరు ఉంది. లియెన్ అనే ఆవిడ. సోక్‌ట్రాంగ్ అనే జిల్లాలో చిన్న ఊరు. దుర్గాభవాని వీడియో కాల్ చేసింది. మాటల్ని ఇటునుంచి అటు, అటునుంచి ఇటు మార్చి చెప్పే యాప్ ఒకటి పెట్టుకుని ఇద్దరూ మాట్లాడుకున్నారు. వెనకనుంచి ఎలీయాజరూ, పక్కనుంచి రాజు గారూ తలలు దూర్చారు.

నలభయ్యేళ్ళుంటాయి లియెన్‌కి. పువ్వుల చొక్కా, నెత్తిన వెడల్పాటి టోపీ. మీ చెరువు గట్టు మీద కాపలా ఎవరుంటారని అడిగితే, ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక పగలబడి నవ్వింది. ఫోను తిప్పి చూపించింది. వంటిల్లు, వంటింటి గుమ్మం, మూడు మెట్లు, మెట్ల కింద రొయ్యల చెరువు. అంతే. అరెకరం కూడా ఉండదు. తన గుండె మీద వేలు పెట్టి చూపించుకుంది, తర్వాత బియ్యం ఏరుతున్న అత్తగారిని చూపించింది, ఆ తర్వాత గుమ్మంలో పడుకున్న కుక్కని.

"కుక్కకి కూడా నంబరిచ్చెయ్యాల్సింది," అన్నారు రాజు గారు.

లియెన్ చెప్పుకొచ్చింది. కంపెనీ ఆయన యంత్రం బిగిస్తూ కాపలా మనిషి నంబరు అడిగాడు. మాకు అలాంటి మనిషి లేడన్నాను. ఆ గడి నింపకపోతే యంత్రం కదలదన్నాడు. పాపం, చాలాసేపు ఆలోచించి తన ఆఫీసు నంబరు వేసుకున్నాడు. నాకు ఫోనెప్పుడూ రాలేదు. అయినా మీ యంత్రం మంచిదే. నెత్తిన ఎర్ర దీపం ఉందిగా? అది వంటింటి కిటికీ వైపు ఉండేలా తాడేసి కట్టాను. లేచినప్పుడు చూస్తాను, ఎర్రగా ఉంటే పరిగెత్తుతాను.

దుర్గాభవానికి చెవులు వేడెక్కిపోయాయి. మేత కంపెనీవాళ్ళని ఒక్క మాట అనడానికి లేదు. తప్పంతా ఆ గడిది. ప్రపంచంలో ఎక్కడ చెరువుంటే అక్కడ దాని గట్టు మీద ఒక పాక, పాకలో ఒక ఎలీయాజరు ఉంటాడనుకుంది. ఏ తెలివి చూసుకుని ఇన్నాళ్ళూ మురిసిపోయిందో, ఆ తెలివే నలభై ఒక్క ఫోన్లని తీసుకెళ్ళి ఏసీ గదిలో పారేసింది.

పెట్టేసే ముందు లియెన్ ఇంకో మాట చెప్పింది. తనకి ఊళ్ళో చెరువు నీళ్ళు పరీక్ష చేసే చిన్న కొట్టు ఉందట. అరవై కుటుంబాలు తన దగ్గరికే నీళ్ళ సీసాలు తెస్తాయట. ఫోను తిన్నగా ఇంటికే మోగేటట్టయితే, వాళ్ళలో చాలామంది కొంటారట.

ఫోను పెట్టేసేసరికి వల చివరికొచ్చింది. రాజు గారు చేప తూకాలకేసి చూస్తూనే అన్నారు. "మేం కొత్త ఊరికి చేప పంపితే మొదటి మూడు లోడ్లతోనూ మన మనిషి వెళ్ళాలమ్మా. అది మా రూలు. లోడు మనిషి అంటాం. అస్సాంలో ఒక ఊరికి మొట్టమొదట నేనే వెళ్ళాను, ఐసు లారీలో ఐదు రోజులు."

"అక్కడ ఏజెంటు లేడాండీ?"

"ఎందుకు లేడు, దివ్యంగా ఉన్నాడు. చిన్న చేప పంపండి, చిన్న చేప పంపండని ఫోన్లో ఒకటే గోల. రేటు కొట్టడానికి అంటున్నాడనుకుని మేం మూడేసి కేజీల బొచ్చెలే పంపేవాళ్ళం. వెళ్ళి ఆ బజార్లో నిలబడితే తెలిసింది. ఆ ఊళ్ళో ఇంటికో చేప, తలకాయతో సహా, చేతికి వేలాడదీసుకుని పట్టుకెళ్ళాలి. ముక్కలు కోయించుకోడం వాళ్ళకి నచ్చదు. మూడు కేజీలదాన్ని ఎవడు వేలాడదీసుకెళ్తాడు?" రాజు గారు నవ్వారు. "ఏజెంటు అబద్ధం చెప్పలేదు. అడిగినదానికల్లా చెప్పాడు. నేను అడగాల్సిందేవిటో నాకు అక్కడికెళ్తే గానీ తెలీలేదు."

"తర్వాత అక్కడ సొంత కొట్టు పెట్టారా?"

"కొట్టెందుకమ్మా? కొల్లేరు వదిలేసి నేనక్కడ కూర్చుంటే ఇక్కడ చేపలెవడు పెంచుతాడు? మూడు లోడ్లకీ వెళ్ళాను, వచ్చేశాను. ఇప్పటికీ ఆ ఏజెంటే. ఆయన పోయాడు, వాళ్ళబ్బాయి చేస్తున్నాడు."

గురువారం పొద్దున దుర్గాభవాని చెప్పిందంతా దత్తసాయి విన్నాడు. విని, చాలా తేలిగ్గా తేల్చేశాడు.

"గడి మార్చేస్తే పోలేదూ? 'ఎవరికి ముందు ఫోన్ చెయ్యాలి' అని పెడదాం. సాయంత్రానికి చేసేస్తాను. రేపు సంతకం పెట్టేద్దాం."

"ఈ గడి మారుస్తావు. ఇంకా మనకి తెలియని గడులు?"

"అవి వాళ్ళు చెప్తారు."

"మూడు నెలలు చెప్పలేదుగా. చెప్పకూడదని కాదు, వాళ్ళకీ తెలీదు. ఆ అమ్మాయి ఎంత శ్రద్ధగా లిస్టు రాస్తోందో తెలుసా? ఈ ఒప్పందం పెడితే ఐదేళ్ళపాటు మనకి ఈ మోతల లెక్క కూడా రాదు. లియెన్‌తో నేను మాట్లాడ్డం కూడా తప్పే. తొమ్మిదో పేజీ చూడు."

"ఐదువందలు, భవానీ!" దత్తసాయి గొంతు పెరిగింది. బయట సోల్డరింగ్ చేస్తున్నవాళ్ళు తలలెత్తి చూశారు. వెంటనే తగ్గించాడు. "వాళ్ళు పొమ్మంటే? దీపావళికి అందరికీ ఏం చెప్తాం?"

"నాకూ భయమే," అంది దుర్గాభవాని. "అందుకే నేను వాళ్ళని పొమ్మననులే. వాళ్ళు కావాలి మనకి. వాళ్ళ మీద మొత్తం వదిలేయడమే వద్దంటున్నాను."

"రేపు పొమ్మన్నారంటే వారం రోజులు నీతో మాట్లాడను."

"వారమేనా?" అందామె. ఎంత ఆపుకున్నా దత్తసాయికి నవ్వొచ్చేసింది.

శుక్రవారం తెర మీద మేత కంపెనీ మేనేజరు మిన్ గారు కనిపించారు. ఇస్త్రీ చొక్కా, పక్కన సంతకానికి సిద్ధంగా పెన్ను. దుర్గాభవాని ముందు తన తప్పు చెప్పింది. మా ఫారంలో మేం పెట్టిన గడి వల్లే ఇలా జరిగింది, మీ వాళ్ళది ఏమీ లేదు, క్షమించండి అంది. అది విన్నాక ఆయన పెన్ను పక్కకి జరిపి, కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. అప్పుడు తనకి కావాల్సింది చెప్పింది. ఐదేళ్ళు కాదు, ఒక ఏడాది. దేశం మొత్తం మీరే అమ్మండి, సోక్‌ట్రాంగ్ ఒక్కటి మాత్రం లియెన్ గారు కూడా అమ్ముతారు. మీ పేరు వేసుకోండి, పక్కన మా పేరూ ఉండాలి. మొదటి బుర్రలతో మా మనిషి వస్తాడు, రెండు నెలలుంటాడు, మీ వాళ్ళతోపాటు ప్రతి చెరువు దగ్గరికీ వెళ్తాడు.

మిన్ గారు మైకు ఆపేసి ఎవరితోనో మాట్లాడుతున్నట్టు పెదాలు మాత్రం కదిలాయి. ఇవతల బల్ల కింద దత్తసాయి కాలు ఊగుతూనే ఉంది.

మైకు మళ్ళీ వచ్చింది. మా పై ఆయన ఐదేళ్ళయితేనే ఐదువందలన్నారు, అన్నారు మిన్ గారు. మిగతావన్నీ సరే గానీ, ఏడాదికైతే అరవై. అదీ మేం ప్రకటనలకేమీ ఖర్చు పెట్టం. మీ మనిషి ఖర్చు మీదే.

ఐదువందల నుంచి అరవై. దుర్గాభవాని వేళ్ళ మీద లెక్కేసుకుంది. అరవై అంటే తొమ్మిదిమందికి రెండు మూడు నెలల పని. ఆ తర్వాత సంగతి ఆ అరవై చెరువులు చెప్పాలి. దత్తసాయి వైపు చూసింది. అతను కళ్ళు మూసుకుని, నెమ్మదిగా, ఏదో చేదు మందు మింగినట్టు తల ఊపాడు.

"అలాగేనండి," అంది ఇంగ్లీషులో.

మిన్ గారు మొదటిసారి నవ్వారు. మా సర్వీసు ఆడపిల్లలు మీకు పూలు పంపిస్తారు, అన్నారు. మూడు నెలలుగా తెల్లవారుజామున మీ బుర్రల ఫోన్లు ఎత్తలేక చస్తున్నారు, డ్యూటీలు వేసుకోడానికి దెబ్బలాడుకుంటున్నారు. నాతో చెప్పడానికి భయపడ్డారట.

వీడియో ఆగిపోయాక మిగిలింది ఒక్కటే. ఎవరు వెళ్ళాలి? బుర్రని విప్పి, అక్కడికక్కడ వైర్లు మార్చి, ప్రోగ్రాము తిరగరాసి మళ్ళీ బిగించగలిగినవాడు ఆఫీసులో ఒక్కడే ఉన్నాడు. ఎనిమిది జతల కళ్ళూ అతని వైపు తిరిగాయి.

"నేనా?" అన్నాడు దత్తసాయి. వాళ్ళది ఏలూరులో పౌరోహిత్యం చేసుకునే కుటుంబం. ఏడేళ్ళుగా చేపల ప్రాణాలు కాపాడుతున్నాడుగానీ, ఒక్క చేప ముక్కా నోట్లో పెట్టి ఎరగడు. "వాళ్ళు నీళ్ళలో కూడా చేపల సాసు పోస్తారట!"

"లోడు మనిషివి," అంది దుర్గాభవాని. "రాజు గారు ఐదు రోజులు ఐసు లారీలో వెళ్ళారు. నీకు విమానంలో కిటికీ సీటు తీయిస్తాను."

వెళ్ళాడు. మొదటి వారం ఫోన్లలో సగం తిండి గొడవే. పప్పు కోసం ఎక్కడెక్కడ తిరిగాడో, కుంకుడుకాయంత వంకాయల్ని చూసి ఎలా పొంగిపోయాడో. రెండో వారానికి తిండి మాట తగ్గి చెరువుల మాట పెరిగింది. మూడో వారం ఒక మధ్యాహ్నం ఫోన్ చేసినప్పుడు గొంతులో హుషారు వేరుగా ఉంది.

"భవానీ, పెన్ను తీసుకో. ఇక్కడ చెరువులన్నీ ఒకే పిల్లకాలవ మీద వరసగా ఉంటాయి. అందరివీ అవే నీళ్ళు. ఒకళ్ళ చెరువులో ఆక్సిజన్ పడిందంటే, గంటా రెండు గంటల్లో పక్కవాళ్ళదీ పడుతుంది. వాళ్ళు ఇంటింటికీ వెళ్ళి తలుపులు కొట్టుకుంటున్నారు. అందుకని ఒక బుర్ర మోగితే కాలవ మీద అందరికీ మోగించలేరా అని లియెన్ గారు అడిగారు. అందరూ ఒక్కో బుర్ర కొనలేకపోయినా, నలుగురు కలిసి ఒకటి కొంటారట."

"నలుగురికి ఒకటా?" దుర్గాభవాని కాగితం మీద గీత గీసి, దాని వెంట చిన్న చిన్న గళ్ళు గీస్తూ పోయింది. "మరైతే తక్కువ అమ్ముడవుతాయి కదా?"

"అనుకున్నాను. నిన్న మూడు కాలవలు తిరిగాను. ఒంటరిగా ఎన్నడూ కొననివాళ్ళు కొంటున్నారు. ఇప్పటికే పన్నెండు అడిగారు, అరవైకి పైన. మిన్ గారు కూడా రేపు వచ్చి చూస్తానన్నారు."

"నీ టికెట్ వచ్చే నెల పదోతారీఖుకి కదా?"

"మార్చుకోమంటావా?"

"నేనెందుకంటాను. నువ్వే అనుకుంటున్నావుగా."

అవతల అతను నవ్వడం వినిపించింది. వెనకాల ఎవరో అతన్ని "సాయ్, సాయ్" అని పిలుస్తున్నారు. "వస్తున్నా, వస్తున్నా" అని తెలుగులోనే అరిచి ఫోను పెట్టేశాడు.

దుర్గాభవాని కాగితం మీద కాలవకేసి ఇంకాసేపు చూసింది. ఎన్ని ఇళ్ళకి ఒకేసారి మోగితే ఎవరు ముందు లేస్తారు, అందరూ ఎవరో ఒకరు లేస్తారులే అని పడుకుంటే ఎలా. దీని గురించి అతన్ని ఇంకో పది ప్రశ్నలు అడగాలి. అడగడానికి మనిషి అక్కడున్నాడు. ఆ సంగతి తలుచుకుంటే ఒళ్ళంతా తేలికైనట్టనిపించింది.

తాడేపల్లిగూడెంలో బుర్రలకి పసుప్పచ్చ ప్లాస్టిక్ డొప్పలు పోసే ఫ్యాక్టరీకి ఫోన్ కలిపింది. అది నడిపే రత్నకుమారి గారు ఎత్తారు.

"చెప్పండి మేడమ్, ఎన్ని పొయ్యమంటారు?"

"ముందు చెప్పిన అరవై కాదు, మొత్తం డెబ్భై రెండండీ. అయ్యాక ఆ మూసని మాత్రం లోపల సర్దెయ్యకండి. బయటే ఉంచండి."